కుడిభుజముపై జందెము

జ్యేష్ఠమాసపు మధ్యాహ్నములందు గోదావరి కాలువలకు నీరు కట్టివేయబడి అడుగు బురద బీటలువాఱి కోతలైన చేలమీద ఎండమావులు పరుగిడు దినములలో రామచంద్రపురమునందలి సమస్తమును ఎండిపోయెను గాని నృసింహావధానులవారి మనస్సులో పదునాలుగేండ్లనుండి ఊరుచున్న సందేహ మొక్కటి మాత్రము ఎండకుండెను. ప్రతిదినమును సంధ్య వార్చి లేచునపుడు ఆ వృద్ధపురోహితుడు తన్ను తానే ప్రశ్నించుకొనుచుండెను. ఈరంకివారి పెండ్లిలో మాంగల్యధారణ సమయమున వరుని జందెము నిజముగనే కుడిభుజముపై నుండెనా?

శుభకార్యములందు జందెము ఎడమభుజముపైనుండి వ్రేలాడవలెను. దానిని కుడిభుజముపైకి మార్చుట పితృకార్యములకు మాత్రమే చెల్లును. ఈరంకి సర్వారాయుడుగారి యేకైక పుత్రుని వివాహమైన పదునాఱవ దినమున విందువేళ బంధువులందఱు చూచుచుండగా టీవీలో వేసిన పెండ్లి వీడియోయందు తాళి కట్టుచున్న వరుని జందెము స్పష్టముగా కుడిభుజముపై కనబడెను. పెండ్లి చేయుమన్న తద్దినము పెట్టించినాడని సర్వారాయుడు అవధానులను నిండుసభలో నిందించి యింటినుండి వెడలగొట్టెను. నాటితో నలువది యిండ్ల పౌరోహిత్యము ఊడిపోయెను. అటుపిమ్మట ఆ యింట బిడ్డకు జ్వరము వచ్చినను పాడియావు వట్టిపోయినను ఆ జందెమే కారణమని చెప్పుకొనిరి. పోయిన యిండ్లకై అవధానులు అంతగా వగవలేదు. తన యెదుటనే అట్టి తప్పు జరిగినదో లేదో తనకే తెలియకపోవుట ఆయనను లోలోన తినివేయుచుండెను. కన్ను చూచినదానిని మనస్సు కాదనుట యెట్లు? మనస్సు ఎఱిగినదానిని కన్ను కాదనుట మాత్ర మెట్లు?

ఇట్లుండగా ఆయన పాఠము చెప్పుచుండిన వేదపాఠశాలవారు స్వరమునకు తగినట్లు చేయి కదలు తీరును వీడియోలుగా తీయించి దాచవలెనని తలంచిరి. ఆ విద్య నేర్చివచ్చుటకు పడుచువా రెవ్వరును ముందుకు రాకపోవుటచే ఏబదియెనిమిదేండ్ల యవధానులే బయలుదేఱి ఊరిలో వీడియో తీయుటయు కూర్చుటయు నేర్పు దంగేటి సూరిబాబు స్టూడియోలో విద్యార్థిగా చేరెను. సూరిబాబు ముక్కోపి. అందునను తనకన్న పెద్దవాడు తన యెదుట శిష్యుడై కూర్చుండుట అతనికి ఏలనో కంటకముగా నుండెను.

"పంతులుగారూ, అది పంచపాత్ర కాదండి, కెమేరా. అలా వంచితే తీర్థం రాదు" అని మొదటినాడే అతడు ఎత్తిపొడిచెను.

"రికార్డు నొక్కడానిక్కూడా దుర్ముహూర్తం చూస్తారేమోనండి" అని వెనుకబల్లనుండి ఒక పడుచువాడు అందించగా గదియంతయు నవ్వెను.

అవధానులు కెమేరాను మరల చేతబట్టెను. వేదమును దెబ్బలు తిని నేర్చినవానికి ఈ నవ్వులొక లెక్కయా? ముక్కాలిపీటపై కెమేరాను తిన్నగా నిలుపుటయు వెలుతురునకు ఎదురుగా మనిషిని కూర్చుండబెట్టుటయు తీసిన ముక్కలను కంప్యూటరులో వరుసగా అతుకుటయు ఆయన పక్షము దినములలో పట్టుకొనెను. సూరిబాబు పదేపదే అఱచి చెప్పిన నియమ మొకటి ఆయన మనస్సున నాటుకొనెను.

"ముక్క పక్కన ముక్క అతికేటప్పుడు అన్నీ కలవాలండి. మొదటి ముక్కలో కాఫీకప్పు కుడిచేతిలో ఉంటే రెండో ముక్కలోనూ కుడిచేతిలోనే ఉండాలి. లేదంటే చూసినోడు నవ్వుతాడు."

ఒకనాడు ఇద్దఱు ఎదురెదురుగా కూర్చుండి మాటలాడుచున్నట్లు తీయుట పాఠమయ్యెను. అవధానులును ఒక విద్యార్థినియు కూర్చుండిరి. కెమేరా పట్టిన పడుచువాడు ఆమెను ఒక ప్రక్కనుండియు అవధానులను రెండవ ప్రక్కనుండియు తీసెను. ఆ ముక్కలు అతికి చూడగా ఇద్దఱును ఒకే దిక్కునకు చూచుచుండిరి.

"ఏంటిది? ఇద్దరూ గోడకేసి చూస్తా మాట్లాడుకుంటన్నారు. తగువాడుకున్నారా?" అని సూరిబాబు విసుగుకొని ఒక్క మీట నొక్కెను. తెరమీది అవధానులు అద్దములోని బొమ్మవలె తటాలున ఇటు తిరిగి విద్యార్థినికి ఎదురయ్యెను. "చూశారా, తిప్పేస్తే సరి."

అందఱును తెరను చూచి తల లూపిరి. అవధానులు మాత్రము తెర దగ్గఱకు జరిగెను. వేసవి యుక్కకు ఉత్తరీయము జాఱియున్న తెరమీది తన ఱొమ్ముపై జందెము కుడిభుజమునుండి ఎడమప్రక్కకు వ్రేలాడుచుండెను. నిత్యమును అద్దములో చూచుకొని విభూతి దిద్దుకొను తనకు ఇన్నేండ్లుగా ఈ సంగతి తట్టకపోవుట యేమి?

"నాయనా, ఇలా తిప్పడం పధ్నాలుగేళ్ళ కిందటా ఉండేదా?"

"ఉండకేం. పెళ్ళిళ్ళలో ఎన్ని తిప్పామో. రెండో కెమేరావోడు ఎప్పుడూ అవతలిపక్కే చస్తాడు కదండి."

"ఈరంకివారి పెళ్ళి తీసింది నువ్వే."

సూరిబాబు ముఖము నల్లబడెను. "ఎవరి పెళ్ళో నాకేం గుర్తండి. ఆ క్యాసెట్లు ఎప్పుడో చెరిపేసి వాడేశాం. నేర్చుకోడానికొచ్చారా, నామీద దర్యాప్తుకొచ్చారా? రేపట్నించి మీరు రానక్కర్లేదు."

అవధానులు చెప్పులు తొడుగుకొని మెట్లు దిగెను. తిప్పియుండవచ్చు ననుట వేఱు, తిప్పిరనుట వేఱు. నిదర్శన మిక ఈరంకివారి యింటనే కలదు. ఆ యింటి గడప తొక్కుటకన్న అగ్నిగుండము తొక్కుట సులభమని ఆయనకు తోచెను. అయినను మఱునాడు మిట్టమధ్యాహ్నమున ఆ గడపకే పోయెను.

సర్వారాయుడు వసారాలో పడకకుర్చీయందుండి తలయెత్తి చూచెను. "ఏమయ్యా, ఇంకా ఎవరికి తద్దినం పెట్టడానికొచ్చావు?"

"ఆ వీడియో ఒక్కసారి చూపించండి. తప్పు నాదైతే మీ గుమ్మంలోనే ఒప్పుకుని పోతాను."

"పధ్నాలుగేళ్ళు చూశాం. ఇంకా ఏం చూస్తావు?"

"మీరు జందెం ఒక్కటే చూశారు. నేను ఇంకోటి చూడాలి."

"పోవయ్యా అవతలికి" అని సర్వారాయుడు గర్జించెను గాని అతని భార్య సుభద్రమ్మ అప్పటికే లోపలినుండి డిస్కు తెచ్చెను. "చూస్తే మనదేం పోయింది? అరిగిపోతుందా?" అని ఆమె భర్తవైపు చూడకయే దానిని ఆడించెను.

అవధానులు కూర్చుండుమన్నవారు లేక నిలువబడియే చూచుచుండెను. మాంగల్యధారణకు ముందటి ముక్కయందు రిమోటు నొక్కి బొమ్మను ఆపెను.

"అమ్మా, అబ్బాయి బుగ్గచుక్క ఏ చెంపమీదుంది?"

"కుడిచెంపమీద. నేనే దిద్దాను."

బొమ్మ కదలెను. తాళి కట్టు ముక్క వచ్చెను. మరల ఆపెను. "ఇప్పుడో?"

సుభద్రమ్మ తెర దగ్గఱకు పోయి వంగి చూచెను. "ఎడమ" అని మెల్లగా అనెను. ఆ వెంటనే వచ్చిన తలంబ్రాల ముక్కలో చుక్క కుడిచెంపకు తిరిగి వచ్చియుండెను.

"మూడు ఊపిరుల్లో చుక్క చెంప మారదమ్మా. బొమ్మని తిప్పేశారు. చెంప మారినట్టే భుజమూ మారింది."

సర్వారాయుడు లేచివచ్చి రిమోటు లాగుకొనెను. ముందునకు పోనిచ్చెను. వెనుకకు తెచ్చెను. నాలుగుమాఱులు చూచెను. నూఱుమంది బంధువులు పదునాలుగేండ్లు చూచిన యా బొమ్మలో జందె మందఱికిని కనబడెను, దానికి జానెడు మీదనున్న చుక్క ఒక్కరికిని కనబడలేదు. తప్పు వెదకుటకు బయలుదేఱిన కంటికి తప్పు దొరకిన పిదప ఇక చూపు ఉండదు కాబోలు.

"ఆ సూరిబాబుగాడి చెయ్యి విరగ్గొట్టిస్తాను" అని సర్వారాయుడు పండ్లు కొఱికెను.

"వాడి సంగతి తర్వాత. నా సంగతి చెప్పండి."

సర్వారాయుడు మరల రిమోటు నొక్కెను. అవధానులు వెనుదిరిగెను. సుభద్రమ్మ గుమ్మమున కడ్డముగా వచ్చెను.

"ఆ రోజు మిమ్మల్ని విస్తరి ముందునించి లేపేశాం. ఔపోసన పట్టిన చెయ్యి అలాగే పట్టుకుని వెళ్ళిపోయారు, నేను చూశాను. ఆ అన్నం మీకు మేం బాకీ. తిని వెళ్ళండి."

పోవలెనా ఉండవలెనా? పరాభవమును మఱచుట ధర్మమో గుర్తుంచుకొనుట ధర్మమో ఆయనకు తెలియలేదు. కాని అన్నమును కాదనుట ధర్మము కాదని తెలియును. కాళ్లు కడుగుకొని పీటమీద కూర్చుండెను.

ఆమె అరిటాకు పఱచి అన్నమును ముద్దపప్పును వడ్డించి నేతిగిన్నెను తాను తీసికొనక భర్త యెదుట పెట్టి నిలిచెను. సర్వారాయుడు దానిని చాలసేపు చూచి తుదకు చేతబట్టి వంగి వడ్డింపసాగెను. తినువాడు చాలుననువఱకు వడ్డించువాడు చేయి తీయరాదు. అవధానులు చాలుననలేదు. నేయి పప్పును ముంచి అన్నమునుండి జాఱి ఆకు ఈనెవెంట ప్రవహించెను. వంగినవాని నడుము నొచ్చి ముఖమున చెమట పట్టెను. అయినను సర్వారాయుడు చేయి తీయలేదు, తల యెత్తలేదు. గిన్నె అడుగు కనబడిన పిమ్మట అవధానులు కుడిచేయి ఆకుపై అడ్డముగా చాపి చాలుననెను.