ముప్పయ్యో కుడుక

ఇరవై ఎనిమిదో కుడుక బుడుంగున మునిగింది. ఖాజావలి దాన్ని తొట్టిలోంచి తీసి, నీళ్ళు వంపి, మళ్ళీ తేలేసి, మోకాళ్ళు పట్టుకుని లేచి వెళ్ళి కచ్చేరి వసారాలో వేలాడే కంచు గంటను కొట్టాడు. తిరిగొచ్చి ఒక చింతగింజను ఈ కుప్పలోంచి ఆ కుప్పలోకి జరిపాడు. అడుగున సన్నని బెజ్జమున్న ఆ రాగి కుడుక నిండి మునిగితే ఒక గడియ. పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరుకు ముప్పై మునకలు. ఉదయగిరి ఊరంతా ముప్పై అయిదేళ్ళుగా ఆ గంట విని పనిలోకి దిగింది, ఆ గంట విని ఇల్లు చేరింది.

కొట్టే మనిషికి మాత్రం ఒక్క గడియసేపటికి మించి తీరిక లేదు. మాట సగంలో ఉన్నా, ముద్ద నోట్లో ఉన్నా లేవాల్సిందే. కూతురు చాంద్‌బీ నిఖా జరుగుతుంటే మధ్యలో లేచి పరుగున వచ్చి గంట కొట్టి పోయాడు. పెళ్ళికొడుకు తరఫువాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. ఇప్పుడా చాంద్‌బీ ఆత్మకూరులో కాపురముంటూ, వచ్చిపోయే బండివాళ్ళందరితోనూ "ఇంక చాలు, వచ్చేయమను అబ్బాని" అని కబురు పంపుతోంది.

నెల్లూరు నుంచి గోడ గడియారం రావడంతో ఖాజావలికి ప్రాణం లేచొచ్చింది. అయితే తాసిల్దారు జనార్దనయ్య ఒక మెలిక పెట్టాడు. ఇవాళంతా కుడుకా గడియారమూ పక్కపక్కన నడవాలి. రెండూ ఒకటిగా ఆరు చూపిస్తేనే పింఛను కాగితం మీద సంతకం.

కుడుకలో తప్పు లేదు. తప్పంతా చేతిలో ఉంది. ఆ సంగతి తనొక్కడికే తెలుసని ఖాజావలి అనుకున్నాడు.

ధాత నామ సంవత్సరం నాటి పెద్ద కరువులో కచ్చేరి ఎదుట బాట కోసం ఆడవాళ్ళు రాళ్ళు కొట్టేవారు. ముప్పయ్యో గంట పడితేగానీ గంజి పోసేవారు కాదు. ఒకనాడు ఒకామె సుత్తి పట్టుకునే పక్కకు ఒరిగిపోయింది. మళ్ళీ లేవలేదు. ఆ మర్నాటి నుంచి, మధ్యాహ్నం దాటాక తేలేసే ప్రతి కుడుకలోనూ ఆయన పుడిసెడు నీళ్ళు ముందే పోసేవాడు. కుడుక ఆ మేరకు తొందరగా మునిగేది. కరువు పోయింది, బాటా అయిపోయింది. చెయ్యి మాత్రం ఆ పని మానలేదు.

ఇవాళ పొద్దున్నుంచీ ఆ చేతిని తిట్టుకుంటూ, చంకలో ఇరికించుకుని కూర్చున్నాడు. అయినా కునుకు పట్టినప్పుడల్లా అదేం చేసిందో అల్లాకే ఎరుక.

ముప్పయ్యో కుడుక మునిగింది. లేచి వెళ్ళి గంట కొట్టాడు. గుమాస్తాలు అలవాటుగా లేచి కండువాలు దులుపుకున్నారు. జనార్దనయ్య లోపల్నుంచి వచ్చి గడియారం కేసి చూశాడు. ఆరు కావడానికి ఇంకా పావుగంట ఉంది.

"ఏంది ఖాజావలీ ఇది?"

దాచి లాభం లేదనిపించింది. "నీళ్ళు పోసినాను దొరా. కరువులో ఆడోళ్ళను సూళ్ళేక మొదలుపెట్టినాను. ఇంక చెయ్యి ఆగలా."

వసారా చివర చీపురుతో నిలబడ్డ కామమ్మ ఆ రాళ్ళు కొట్టినవాళ్ళలో ఒకతె. "మాకు అప్పుడే తెలుసులే తాతా," అంది. "పొద్దు గోడ దిగకముందే గంట పడతాంటే నీడ సూసుకోలేమా? అందరం నోరు మూసుకున్నాం."

ఖాజావలి గిరుక్కున ఆమె వైపు తిరిగాడు. జనార్దనయ్య కాసేపు మీసం దువ్వుకున్నాడు. ఉన్నట్టుండి నవ్వాడు.

"అయితే రెండేళ్ళుగా నేనూ పొద్దుండగానే ఇంటికి పోతాండానన్నమాట! నీ తప్పు రాస్తే నాదీ రాయాల్సొస్తుంది. ఆ కాగితం ఇట్టా తేండి."

ఖాజావలికి గుండెల మీంచి బండ దిగినట్టయింది. కన్నీళ్ళు వచ్చాయి, వాటిని తుడుచుకోవాలని కూడా తోచలేదు.

మర్నాడు పొద్దున్నే ఆత్మకూరు పోయే చెంచయ్య ఒంటెద్దు బండి కచ్చేరి ముందు ఆగింది. ఖాజావలి మూట బండిలో పెట్టి, ఒక్క నిమిషమని లోపలికి వెళ్ళొచ్చాడు. ఎక్కీ ఎక్కగానే గడ్డి మీద ఒరిగి నిద్రపోయాడు. మర్రిపాడు వచ్చింది, పోయింది. దారిలో ఎద్దుకు నీళ్ళు పెట్టినప్పుడు చెంచయ్య లేపబోయి, ఆ మొహం చూసి మానుకున్నాడు.

కచ్చేరిలో గోడ గడియారం టిక్కుటిక్కుమని నడుస్తోంది. వెళ్తూ వెళ్తూ అలవాటుకొద్దీ ఆయన తేలేసిపోయిన కుడుక నిండి, మునిగి, ఎత్తేవాళ్ళు లేక తొట్టి అడుగున అలాగే ఉండిపోయింది.