పన్నెండో తేదీ సున్నాలు

...అయినా మేడమ్ కాళ్ళకి ఆ బూట్లు ఎలా వచ్చాయి, వాటిని తనే కదా ఉతికి ఎండబెట్టి స్టోరు రూములో పై అరలో పెట్టింది, అనుకుంటూ పైడిలక్ష్మి పరిగెడుతూనే ఉంది, పక్కనే వరహాలు మేడమ్ కూడా పరిగెడుతున్నారు, చనిపోయి ఐదు నెలలైన మనిషి, ఆయాసమన్నది లేకుండా, మెడలో విజిల్ ఊగుతుండగా. జీడితోటల మధ్య ఎర్రమట్టి దారి అది. చెట్ల మధ్య అక్కడక్కడా హాస్టల్ గదుల తలుపులు నిలబడి ఉన్నాయి, ఒక తలుపు మీద తన తువ్వాలే ఆరేసి ఉంది, అదేమీ వింతగా తోచడం లేదు. వింతగా తోస్తున్నది ఒక్కటే. మేడమ్ ఇవాళే ఎందుకు వచ్చారు? ఆదివారం రాష్ట్ర జట్టుకి సెలక్షన్లు, పది కిలోమీటర్ల పరుగు, నాలుగేళ్ళుగా ఆ ఒక్క పరుగు కోసమే ఇంటికి దూరంగా ఈ హాస్టల్లో పడి ఉంది. ఇన్నాళ్ళూ కలలో కూడా పలకరించని కోచ్ సరిగ్గా దానికి మూడు రోజుల ముందు వచ్చారంటే ఊరికే వచ్చి ఉండరు.

"ఏటే, ఎడమ కాలు దాచుకుని పరిగెడతన్నావు?"

"లేదు మేడమ్. బాగానే ఉంది."

"బాగుంటే ఈ ఎండలో మోకాలి దాకా సాక్సులెందుకే?"

పైడిలక్ష్మి అడుగు వేగం పెంచుతుంది. మోకాలి కింద, ముందు ఎముక మీద, బొటనవేలంత చోటు మూడు వారాలుగా సలుపుతోంది. పడుకున్నప్పుడు కూడా సాక్సులు విప్పడం లేదు, గదిలో ఉండే జ్ఞానేశ్వరి కంట పడకూడదని. మేడమ్ నవ్వుతున్నారు, ఆ నవ్వులో నమ్మకం లేదు, తనకి మేడమ్ మీద ఉన్న కాస్తంత కూడా లేదు.

దారి మెల్లగా హాస్టల్ వరండా అయిపోతుంది. వార్డెన్ గది బయట మేకుకి వేలాడే రిజిస్టరు మేడమ్ చంకలోకి ఎప్పుడు వచ్చిందో తెలియదు. అందులో ప్రతి అమ్మాయికీ ఒక పేజీ. నెలసరి మొదలైన రోజున ఎర్ర పెన్నుతో తేదీ మీద సున్నా చుట్టాలి, ఆ పొద్దుట దూరం పరుగు ఉండదు, పలహారంలో ఇంకో గుడ్డు వేస్తారు. వరసగా రెండు నెలలు సున్నా పడకపోతే వార్డెన్ పిలిచి డాక్టరు దగ్గరికి పంపుతుంది. డాక్టరంటే పరుగు ఆగిపోవడమే. నెలసరి ఆగిపోయిందంటే ఒళ్ళు పరుగుకి లొంగినట్టేనని సీనియర్లు గొప్పగా చెప్పుకునేవారు, పైడిలక్ష్మికి కూడా మొదట్లో గర్వంగానే ఉండేది. తరవాత డాక్టరు భయంతో, రాకపోయినా సున్నాలు చుట్టడం నేర్చుకుంది. ఆ రోజుల్లో కడుపు పట్టుకుని మంచం మీద పడుకునేది, అదనంగా వచ్చిన గుడ్డు జ్ఞానేశ్వరి కంచంలో వేసేది, తన అన్నంలో సగం కూడా.

"ఎనిమిది సున్నాలు. ఎనిమిదీ పన్నెండో తేదీయే. ఒంట్లోది కేలండరు చూసుకుని దిగుతాదేటే?"

"ఎవరు చెప్పారు మీకు? జ్ఞానేశ్వరేనా?"

"చచ్చినోళ్ళకి చాడీలెవలు చెప్తారే! నీ మూడో సున్నా నాటికే నాకు తెలుసు. అప్పటికింకా బతికే ఉన్నాను."

పైడిలక్ష్మి ఆగిపోతుంది, కానీ వరండా ఆగదు, గోడలు పరిగెడుతూనే ఉంటాయి, చివరికి ఒక చీకటి గది దగ్గర అవి కూడా నిలిచిపోతాయి. ఎక్స్‌రే తీసే గది. మేడమ్ ఎత్తైన బల్ల మీద కాళ్ళు ఊపుతూ కూర్చుని ఒక ఫిల్మును వెలుతురుకి ఎత్తి పట్టుకున్నారు, అందులో ఎముక చెద తిన్న కర్రలా ఉంది. మేడమ్ బాత్రూములో జారి పడ్డారనీ, తుంటి విరిగిందనీ, మూడు వారాలు మంచాన ఉండి ఊపిరితిత్తుల్లో రక్తపు గడ్డ అడ్డుపడి పోయారనీ చెప్పారు అందరికీ. నలభై ఆరేళ్ళ మనిషికి, జీవితమంతా పరిగెత్తిన మనిషికి, కాలు జారి పడితే తుంటి ఎలా విరుగుతుంది? ఏదో దాస్తున్నారని పైడిలక్ష్మి అప్పుడే అనుమానించింది.

"అది మీదా మేడమ్?"

"మరెవలిది? డెబ్బై ఏళ్ళ ముసల్దాని ఎముకలన్నాడు డాక్టరు. నెలసరి ఎప్పుడు ఆగిందమ్మా అనడిగాడు. నేను పరిగెట్టిన రోజుల్లో నా రిజిస్టర్లో ప్రతి నెలా ఐదో తేదీయే. నీకన్నా తెలివైనదాన్ని, మధ్యమధ్యలో ఆరు కూడా వేసేదాన్ని. తిన్నది పరుగుకే చాలకపోతే ఒళ్ళు ముందు దాన్ని ఆపీస్తాదంట, అది ఆగితే ఎముకలకి కాపలా పోయినట్టేనంట. పద్దెనిమిదేళ్ళకి చెప్పాల్సిన మాట. నలభై ఆరేళ్ళకి చెప్పాడు."

"మరి నాకెందుకు చెప్పలేదు? మూడో సున్నా నాడే చెప్పాల్సింది కదా!"

మేడమ్ ఫిల్ము దించుతారు. ముఖం కనబడదు, విజిల్ మాత్రం మెరుస్తుంది.

"అప్పటికి నాకు మాత్రం ఏటి తెలుసే? పడ్డాక తెలిసింది. కానీ అబద్ధం సున్నా సంగతి తెలుసు కదా. అడిగితే నువ్వు ఆగిపోతావు. నా చేతి కింద పెరిగినోళ్ళలో ఒక్కర్తి కూడా రాష్ట్రం జట్టులోకి పోలేదు. సెలక్షన్ అయ్యాక అడుగుదాంలే అనుకున్నాను."

ఇదీ అసలు సంగతి, అనుకుంటుంది పైడిలక్ష్మి. వెంటనే ఇంకో అనుమానం తల ఎత్తుతుంది. అప్పుడు తన స్వార్థం కోసం దాచిన మనిషి ఇప్పుడు ఎవరి కోసం చెబుతోంది? తన బరువు దించుకోవడానికి నా పరుగు తీసుకుపోతోందా? అసలు ఈమె మేడమేనా, లేక మూడు వారాలుగా నోరు నొక్కేసిన కాలు మేడమ్ గొంతు వేసుకుని వచ్చిందా?

"మీరు నిజంగా మీరేనా?"

"నేనైతేనేటి, నీ కాలైతేనేటి? నొప్పి ఎవలిదే?"

"ఇప్పుడు ఆగితే మళ్ళీ పరిగెట్టగలనా మేడమ్?"

"కడుపు నిండా తిని, ఒంటిని తిరిగి రానిస్తే నీ వయసు పిల్లలు లేచి పరిగెడతారనే అన్నాడు డాక్టరు. నా గురించి అనలేదు. ఆదివారం గురించి కూడా అనలేదు." మేడమ్ బల్ల దిగి, వంగి, సాక్సు మీదనుంచే ఆ బొటనవేలంత చోటుని తడుముకోకుండా పట్టుకుని నొక్కుతారు, ఎక్కడుందో ముందే తెలిసినట్టు, పైడిలక్ష్మి అరవబోతే నోట్లోంచి విజిల్ మోత వస్తుంది...

మూడు గంటల బెల్లు. మధ్యాహ్నపు ఎండ కిటికీలోంచి మంచం మీద పడుతోంది, జ్ఞానేశ్వరి గోడవైపు తిరిగి నిద్రపోతోంది. పైడిలక్ష్మి లేచి కూర్చోబోయి ఆగిపోతుంది. తెల్ల దుప్పటి మీద, తను పడుకున్న చోట, ఎర్రటి మచ్చ.

వచ్చింది! ఒక్క క్షణం ఒళ్ళంతా తేలికైపోతుంది, ఎనిమిది నెలల అబద్ధం దానంతటదే నిజమైపోయినట్టు. మచ్చని వేలితో తాకుతుంది. వాసన చూస్తుంది. సిరా. ఇవాళ పన్నెండో తేదీ అని, నిద్ర లేవగానే చుట్టొద్దామని పొద్దుట తెచ్చి పెట్టుకున్న ఎర్ర పెన్ను మూత ఊడి తొడ కింద ఉంది.

ఆ వేలిని దుప్పటి అంచుకి తుడుచుకుంటుంది. తరవాత పెన్నుకి మూత పెట్టి, దిండు మీద వదిలేసి, కుంటుతూ వరండాలోకి నడుస్తుంది. ఈసారి కుంటుని దాచుకోదు. మేకు నుంచి రిజిస్టరు తీసి చంకలో పెట్టుకుని వార్డెన్ తలుపు తడుతుంది.

"ఎవరే?" లోపలి నుంచి విసుగు గొంతు.

"నేను మేడమ్, పైడిలక్ష్మిని."

తలుపు తెరుచుకునేలోగా ఆమె వంగి ఎడమ కాలి సాక్సు మడమ దాకా దించేస్తుంది.