టార్పాలిన్ ఇద్రీస్ నాలుగో పరుగు

వన్‌టౌన్‌లో టార్పాలిన్ ఇద్రీస్ అంటే తెలియనివాళ్లు లేరు. పోర్టులో ఎరువుల బస్తాల మీద కప్పే టార్పాలిన్ చిరిగిందంటే అతని కొట్టుకే రావాలి. పొద్దుట కూచుంటే సాయంత్రం దాకా బాసింపట్టు విప్పడు. అరచేతికి తోలుపట్టీ కట్టుకుని దబ్బనంతో కుట్టుకుంటూ పోవడమే. అలా ఇరవై ఏళ్లు కూచున్న మనిషికి ముప్ఫై ఎనిమిదో ఏట కాళ్లు తిమ్మిరెక్కడం మొదలైంది. డాక్టరు నడవమన్నాడు. నడిచాడు. నడక చాలనట్టనిపించి పరిగెత్తాడు. అంతే, ఇక మానలేదు.

రోజూ తెల్లవారుజామున ఫజర్ నమాజు కాగానే బీచికి పోయి గంటసేపు పరిగెత్తి వచ్చేవాడు. ఆ గంటలో దబ్బనం లేదు, పోర్టు మేస్త్రీల గోల లేదు, ఇంట్లో బియ్యం నిండుకున్నాయన్న మాట లేదు. ఆ గంట కోసమే మిగతా ఇరవై మూడు గంటలూ బతుకుతున్నానని అతనికి ఒక్కోసారి అనిపించేది. ఆ మాట ఎవరితోనూ అనలేదు. అంటే నవ్వుతారు మరి.

అప్పట్లో పోర్టు ఉద్యోగులూ, కొత్తగా కడుతున్న స్టీల్ ప్లాంటు వాళ్లూ కొంతమంది కలిసి ఏటా డిసెంబరులో ఓ ఆదివారం మారథాన్ పెట్టుకునేవారు. తగరపువలసలో మొదలుపెట్టి, భీమిలి మీదుగా సముద్రం ఒడ్డునే నలభై రెండు కిలోమీటర్లు. ఐదు గంటల్లోపు వచ్చినవాడి పేరు జాబితాకెక్కుతుంది, మెడలో ఇత్తడి బిళ్ల పడుతుంది. దాటితే భీమశంకరరావుగారు పుస్తకం మూసేస్తారు. ఆయన బళ్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరైన మనిషి. సొంత బావమరిది పది సెకన్లు ఆలస్యంగా వస్తే, "వచ్చే ఏడు చూద్దాంలే" అని పెన్ను జేబులో పెట్టుకున్న ఘనుడు.

ఇద్రీస్ మొదటి ఏడు ఋషికొండ దగ్గరే కూలబడ్డాడు. రెండో ఏడు ఇరవై నిమిషాలు, మూడో ఏడు ఏడు నిమిషాలు ఆలస్యం. మూడోసారి ఇంటికొచ్చి మెట్టు ఎక్కలేక గోడ పట్టుకుని నిలబడితే భార్య సర్దార్ బీకి ఒళ్లు మండింది. ఆమె అతని మేనత్త కూతురే. చిన్నప్పటి నుంచీ ఒకే వాకిట్లో ఆడుకున్నవాళ్లు, మాటకు మాట ఇద్దరికీ అలవాటే.

"ఏటిది? ఇంకెన్నేళ్లు ఈ పరుగు? మోకాళ్లు చూసుకున్నావా? దుప్పట్లన్నీ నీ కాళ్ల నూనె వాసనే. ఈదిలో అందరూ నవ్వుతన్నారు."

ఇద్రీస్‌కి కోపం వచ్చింది. కోపంలో మనిషి అనకూడనిదే అంటాడు.

"వచ్చే ఏడు ఐదు గంటల్లో రాకపోతే బూట్లు మళ్లీ తొడగను. మారథానే కాదు, పొద్దుటి పరుగు కూడా మానేత్తాను. సరా?"

"అల్లా సాక్షిగా?"

"అల్లా సాక్షిగా."

అనేశాక గుండెలో రాయి పడింది. కానీ మాట మాటే. పోర్టు వాళ్లకి ఫలానా రోజుకి టార్పాలిన్ ఇస్తానంటే రాత్రీ పగలూ కూచుని ఇచ్చే మనిషి, అల్లా పేరు చెప్పి ఇచ్చిన మాట తప్పుతాడా.

ఆ ఏడాదంతా ఒళ్లు దాచుకోకుండా తయారయ్యాడు. ఆదివారాలు చలమయ్యతో కలిసి ఋషికొండ దాకా పోయి వచ్చేవాడు. చలమయ్యది గోదావరి జిల్లా, పోర్టులో క్రేను నడుపుతాడు. ఇద్రీస్‌ని బావా అని పిలుస్తాడు. నోరు పెద్దది, మనసు మంచిది.

ఎనభై మూడు డిసెంబరు. ఆ ఏడు దారి కొంచెం మార్చారు. ఎప్పుడూ బీచిలోనే ఆపేసే పరుగును వన్‌టౌన్ వీధుల్లోంచి తిప్పి పోర్టు గేటు దగ్గర ముగించారు. అంటే ఇద్రీస్ తన వీధిలోంచే పరిగెత్తాలి. సరిగ్గా ముగింపుకి రెండు కిలోమీటర్ల ముందు.

పొద్దున్న ఐదున్నరకి తగరపువలసలో ఈల ఊదారు. ఈసారి ఇద్రీస్ తొందరపడలేదు. కుట్టు వేసినట్టు ఒకే లెక్కన అడుగులు వేసుకుంటూ పోయాడు. భీమిలి దగ్గర వెలుగొచ్చింది. ఋషికొండ దగ్గర పోయినేళ్లలో పట్టేసిన పిక్క ఈసారి పట్టలేదు. జాలరిపేట దగ్గర చేపల తట్టలతో బజారుకి పోతున్న ఆడవాళ్లు దారిచ్చి పక్కకి నిలబడ్డారు.

"ఏటి నాయనా, ఎవులు తరుముతన్నారు?" అంది ఒకావిడ.

"భీమశంకరరావుగారు తల్లీ," అన్నాడు పక్కనే పరిగెత్తుతున్న చలమయ్య. ఆయనెవరో తెలియకపోయినా ఆమె నవ్వింది.

వన్‌టౌన్ మలుపు తిరిగేసరికి చలమయ్య చేతి గడియారంలో పది గంటల ఏడు నిమిషాలు. ఇంకా రెండే కిలోమీటర్లు, చేతిలో ఇరవై మూడు నిమిషాలు. పాక్కుంటూ పోయినా అందుతుంది. ఇద్రీస్‌కి కళ్లలో నీళ్లు తిరిగాయి. రేపు పొద్దున్నా పరిగెత్తవచ్చు, ఎల్లుండీ పరిగెత్తవచ్చు. ఆ నిమిషాన అతనికి ఇత్తడి బిళ్ల మీద ఆశ లేదు, ఆ గంట దక్కిందన్నదే సంతోషం.

వీధిలో అడుగు పెట్టాడు. పెట్టి నిలబడిపోయాడు.

వీధంతా బయటే ఉంది. అడ్డంగా రంగు కాగితాల తోరణం కట్టారు. దాని కింద తెల్ల షేర్వాణీలో నజీర్ అహ్మద్ చాచా, చేతిలో మల్లెల దండ. అత్తరు కొట్టు చాచాకి ఎనభై ఏళ్లు. మోకాళ్లు సహకరించక శుక్రవారం మసీదుకు కూడా రిక్షాలో పోయే మనిషి, పొద్దున్న ఎనిమిదింటి నుంచీ అక్కడే నిలబడి ఉన్నాడు. ఆయన వెనక వరసగా పెద్దవాళ్లందరూ. ఒక్కొక్కరి చేతిలో ఒక్కో దండ.

వాళ్లను తప్పుబట్టడానికి లేదు. దూరం నుంచి ఒళ్లు అలిసి వచ్చినవాణ్ణి ఎదురేగి తెచ్చుకోవడం ఆ వీధికి ఒకే విధంగా తెలుసు. హజ్ నుంచి తిరిగొచ్చినవాళ్లను స్టేషన్ దగ్గర అలాగే తెచ్చుకుంటారు. దండ వేయాలి, మణికట్టుకి అత్తరు రాయాలి, మూడుసార్లు కౌగిలించుకోవాలి, పెద్దవాళ్లు దువా చేసి దీవించాలి, షర్బత్ తాగించాలి. ఇందులో ఏదీ వదలకూడదు, ఏదీ తొందరగా చేయకూడదు. గడియారం పెట్టుకుని పరిగెత్తేవాణ్ణి దారి మధ్యలో ఆపకూడదని వాళ్లకెవరు చెప్పారు గనక?

"బావా, టైము," అన్నాడు చలమయ్య. అనేలోపే అతని మెడలోనూ ఒక దండ పడింది. వాడు బయటివాడు. రెండు చేతులూ జోడించి, తలవంచి, పక్కనుంచి జారుకున్నాడు. ఇద్రీస్ ఆ వీధి బిడ్డ. అలా జారుకోలేడు.

కాళ్లు ఆడిస్తూనే చాచా ముందు తల వంచాడు. చాచా నిదానంగా దండ వేశాడు. దూది పుల్ల తీసి, సీసాలో ముంచి, ముందు కుడి మణికట్టుకి, తర్వాత ఎడమ మణికట్టుకి రాశాడు. భుజం మార్చి భుజం మూడుసార్లు హత్తుకున్నాడు. తర్వాత చేతులెత్తి దువా మొదలుపెట్టాడు. ఎనభై ఏళ్ల మనిషి దువా చిన్నగా ఉండదు. ఇద్రీస్ కాళ్లు ఆడించడం ఆగిపోయింది. దువాలో కాళ్లాడించకూడదు.

మధ్యలో ఒకసారి కళ్లెత్తితే గుమ్మాల దగ్గర ఆడవాళ్లు కనిపించారు. వాళ్ల ముందు రూహఫ్జా షర్బత్ గిన్నె పట్టుకుని సర్దార్ బీ. పది రోజులుగా ఇల్లిల్లూ తిరిగి ఇదంతా చేయించింది తనేనని ఆమె మొహం చూస్తేనే తెలుస్తోంది. మెడలో ఆరు దండలతో ఉన్న మొగుణ్ణి చూసి పెళ్లికూతురిలా మెరిసిపోతోంది. పరుగు మాటెత్తితే ముఖం ముడుచుకునే మనిషి. ఆ మొహం చూశాక ఇద్రీస్‌కి "టైమైపోతంది, వదలండి" అనే నోరు రాలేదు. గ్లాసు అందుకుని మొత్తం తాగాడు. ఇంకో గ్లాసు పోస్తే అదీ తాగాడు.

వీధి దాటేసరికి పదీ ఇరవై ఒకటి. ఇంకా అందుకోవచ్చు, కాళ్లు మాట వింటే. కానీ అంతసేపు నిలబడిన కాళ్లు కట్టెల్లా బిగుసుకుపోయాయి. కడుపులో షర్బత్ గలగలలాడింది. దండలు పక్కన పారేయడానికి మనసొప్పలేదు. అవి మెడలో ఊగుతుంటే కుంటుకుంటూ పోర్టు గేటు దగ్గరికి చేరాడు.

భీమశంకరరావుగారు పుస్తకం మూసి, రబ్బరు బ్యాండు వేస్తున్నారు.

"నాలుగు నిమిషాలు," అన్నారు.

"అప్పుడే నా మాట ఇనుంటే," అన్నాడు చలమయ్య ఏడుపు మొహంతో. "ఎందుకు ఆగావు బావా?"

ఇద్రీస్ దండలు తీసి జాగ్రత్తగా మడిచి పట్టుకున్నాడు. "ఈదిలో ఎవుళికీ సెప్పకు," అన్నాడు. "నా మీద ఒట్టు."

ఇంటికొచ్చేసరికి చాచా అరుగు మీద కూచుని ఉన్నాడు. సర్దార్ బీ గుమ్మంలో నిలబడి ఉంది.

"అందిందా బేటా?"

"లేదు చాచా. ఋషికొండ దగ్గర మోకాలు పట్టేసింది. అక్కడే ఆలస్యమైపోనాను. మీరు నిలబెట్టి షర్బత్ ఇచ్చారు గనక ఆ కాస్తయినా నడవగలిగాను."

చాచా అతని భుజం తట్టి లేచాడు. ఇద్రీస్ బూట్లు విప్పి, పాత ఉర్దూ పేపర్లో చుట్టి, అటక మీద పెట్టాడు. సర్దార్ బీ గుమ్మంలోంచి అది చూసింది.

తర్వాతి రోజులు ఎలా గడిచాయంటే, గడిచాయి. ఫజర్ నమాజు నుంచి వచ్చి అరుగు మీద కూచునేవాడు. ఏం చేయాలో తోచక కొట్టు గంట ముందే తెరిచేవాడు. కుట్టు ఎప్పటిలా వరసగానే పడేది. ఎవరిమీదా విసుక్కోలేదు. అందుకే సర్దార్ బీకి భయం వేసింది. ఇంట్లో కాస్త విసుక్కునే మొగుడు విసుక్కోవడం మానేస్తే ఏ ఆడదానికైనా అనుమానమే.

మూడు వారాలయ్యాక భీమశంకరరావుగారు కొట్టుకి వచ్చారు. పరుగు పెట్టేవాళ్ల షామియానా చిరిగిందట. అదే సమయానికి సర్దార్ బీ అన్నం క్యారేజీ పట్టుకొచ్చింది. మాస్టారికి లోకం తెలీదు. ఆయనకు తెలిసింది అంకెలే.

"నీ విషయం నాకు నిద్ర పట్టనివ్వలేదయ్యా," అన్నారు. "వీధి రెండు చివరలా మా మనుషులు ఉన్నారు. పదీ ఏడుకి లోపలికెళ్లావు, పదీ ఇరవై ఒకటికి బయటికొచ్చావు. పద్నాలుగు నిమిషాలు ఆ దండల దగ్గరే పోయాయి. లేకపోతే హాయిగా అందుకునేవాడివి. రాసిన టైము మార్చలేను గానీ, బాధ బాధే కదా."

ఇద్రీస్ షామియానా చిరుగు కొలుస్తూ తల ఎత్తలేదు. సర్దార్ బీ క్యారేజీ బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం అన్నం వడ్డిస్తూ అడిగింది.

"మోకాలన్నావే."

"అన్నాను."

"అబద్ధం సెప్పావు. నా వల్లే పోయిందన్న మాట."

"నువ్వు అంత సంతోషంగా ఉండడం సూసి ఎన్నేళ్లయిందో. అది పాడుసెయ్యమంటావా?"

ఆమె గరిటె గిన్నెలో పెట్టేసి కొంగుతో కళ్లు ఒత్తుకుంది. ఏడుపు దాచుకోలేదు. కాసేపటికి లేచి, స్టూలేసుకుని, అటక మీంచి బూట్లు దింపింది.

"నువ్వు మాటిచ్చింది నాకు. ఆ మాట నాకొద్దు," అంది. "రేపు పద. నానూ వత్తాను."

"నువ్వెందుకు?"

"సూద్దారని."

పొద్దున్న చీకటి విడుతుండగా ఇద్దరూ బీచికి చేరారు. సర్దార్ బీ పుట్టింది ఆ ఊళ్లోనే. సముద్రం ఆమె ఇంటికి అరగంట నడక. పండగ సాయంత్రాల్లో పిల్లలతో వచ్చి శనగలు తిని వెళ్లడం తప్ప, నలభై ఏళ్లలో ఆ వేళప్పుడు అక్కడ ఎప్పుడూ లేదు. ఆ వేళకి ఆమె ఎప్పుడూ పొయ్యి ముందే ఉండేది. బీచి గోడ పక్కన నిలబడి బురఖా మేలిముసుగు పైకెత్తింది. ఎదురుగా నీళ్లు ఎర్రబడుతున్నాయి. జాలరిపేట పడవలు రెండు లోపలికి పోతున్నాయి. మనుషులెవరూ లేరు. గాలి మొహానికి తగులుతోంది.

"ఇదా," అంది చివరికి, అతని వైపు తిరక్కుండా. "ఇన్నేళ్లూ నువ్వొక్కడివే దాసుకుంటన్నది ఇదా."

ఇద్రీస్ ఇన్నాళ్లూ మోకాళ్ల గురించి, నూనె వాసన గురించి, ఈదిలో నవ్వుల గురించి ఆమె అన్నవన్నీ విన్నాడు. ఆమె అననిదేమిటో ఇప్పుడు విన్నాడు. ఐదేళ్లలో ఒక్క పొద్దున్నైనా, నువ్వూ వస్తావా అని అడగాలని తోచలేదు. అతనికి సిగ్గేసింది. ఆ సిగ్గు ముందు నాలుగు నిమిషాలు ఏపాటివి?

"నువ్వు పరిగెత్తు," అంది ఆమె, చెప్పులు విడిచి గోడ మీద పెట్టి ఇసకలోకి దిగుతూ. "నాకోసం సూడకు. నాను వచ్చినప్పుడు వత్తాను."

నీళ్ల అంచునే నడుచుకుంటూ పోయింది. బురఖా అంచు తడుస్తున్నా ఎత్తిపట్టుకోలేదు. కొంచెం దూరం పోయాక చేతులు ఊపుకుంటూ నడిచింది, ఇంట్లో ఎప్పుడూ అలా నడవగా అతను చూడలేదు. పిలుద్దామనుకుని, ఈ గంట ఆమెదని ఊరుకున్నాడు. బూట్ల తాళ్లు బిగించుకున్నవాడల్లా గోడ మీద ఆమె చెప్పుల పక్కన కూచున్నాడు. ఆమె వెనక్కి తిరిగి వచ్చేసరికి గంట పట్టింది. అప్పటిదాకా అతను అక్కడి నుంచి కదల్లేదు.