మా ఆయన ఫ్రెంచి గైడు

ఇడ్లీ రేకుల్లో పిండి వేస్తూ మా ఆయనకు ఫ్రెంచి భవిష్యత్ కాలం నేర్పాను. పెద్ద విద్యేమీ కాదండీ. క్రియను విరగ్గొట్టకుండా అలాగే ఉంచి చివర ఓ తోక తగిలించడమే. ‘పార్లే’ అంటే మాట్లాడడం, ‘ఝ పార్లరే’ అంటే నేను మాట్లాడతాను. కొన్ని మొండివి ఉంటాయి, వాటికి మొదలే మారిపోతుంది. వెళ్ళడం ‘అలే’ అయితే, వెళతాను ‘ఇరే’. వాటిని బట్టీ పట్టాల్సిందే.

విశాఖలో ఫ్రెంచి చదువుకున్నది నేను. నర్సీపట్నం ప్రైవేటు కాలేజీలో అది చెప్పే ఉద్యోగం మాత్రం ఆయనకిచ్చారు. ఇంగ్లీషు లెక్చరరు కదా, ఇదీ చెప్పేయగలడనుకున్నారు. నేను వెళతానంటే పాపనెవరు చూస్తారన్నాడు. రెండేళ్లుగా పొద్దున్న వంటింట్లో నేను చెప్పింది తొమ్మిదింటికి ఆయన క్లాసులో చెబుతున్నాడు. మొగుడికి పాటాలు సెప్పే ఆడదాన్ని ఎక్కడా సూల్లేదని మా అత్తగారు అచ్చియమ్మగారి సణుగుడు.

పోయినేడు పిల్లల పరీక్షల కోసం ఆయన అచ్చేయించిన గైడంతా నేనే రాశాను, నాలుగు నోటుబుక్కులు. అట్ట మీద ‘సూర్యప్రకాష్, ఎం.ఏ.’ అని వచ్చింది. మళ్ళీ అచ్చేసినప్పుడు నీ పేరు వేయిస్తానన్నాడు. నమ్మాను, పిచ్చిమొహాన్ని. పైగా పేజీలెక్కువయ్యాయని మొండి క్రియల పేజీ ఎత్తేశాడు. వద్దని మొత్తుకున్నా వినలేదు.

పరీక్షలో సరిగ్గా అవే వచ్చాయి. మార్కులు పోయాయని రోలుగుంట నుంచి, మాకవరపాలెం నుంచి తల్లిదండ్రులొచ్చి కాలేజీలో గొడవ చేశారు. ఆ సాయంత్రం మా ఆయన నా ముందు ఓ కాగితం పెట్టాడు. గైడు నేనే రాశానని, తప్పులన్నీ నావేనని, ఆయనకేమీ తెలియదని ఆయన చేతిరాతతోనే రాసి ఉంది.

“ప్రిన్సిపాల్ గారికి సెప్పీసేను, మా ఇంటావిడ రాసిందని. సంతకం పెట్టీ సత్యా. నీకేటి పోద్ది, నువ్వేమైనా ఉద్యోగం సేస్తన్నావేటి?”

పేజీ తీసేసింది తానేనని తెలిసి, నా కళ్ళలోకి చూస్తూ అడిగాడు. మెచ్చుకోళ్ళప్పుడు ఒక్కసారీ నోటికి రాని నా పేరు, తప్పు మోయడానికి వచ్చింది. ఇంత మోసమా అనుకున్నాను. కాగితం మడిచి బ్యాగులో పెట్టుకున్నాను.

మర్నాడు పాపను అత్తగారికప్పజెప్పి, షేరు ఆటో ఎక్కి కాలేజీకి వెళ్ళాను. మా ఆయన ప్రిన్సిపాల్ గదిలోనే ఉన్నాడు. ఆ కాగితం, నా నోటుబుక్కులు ప్రిన్సిపాల్ గారి బల్ల మీద పెట్టాను.

“ఇందులో గైడు రాసింది నేనన్న మాట ఒక్కటే నిజమండీ. ఎత్తేసిన పేజీ ఇదిగో. ఇక పిల్లలకి క్లాసు కూడా నేనే చెప్తాను.”

ప్రిన్సిపాల్ గారు కాగితం చదివి, ఏమంటారన్నట్టు మా ఆయన వైపు తిరిగారు.

“అటు కాదండీ,” అన్నాను. “నన్నడగండి.”