ఆకుపచ్చ చీర ముడి

రాప్తాడుకు నాలుగు మైళ్ల లోపలున్న ఆ ఊళ్లో, ఆదివారం వచ్చిందంటే పుల్లన్న ఇంటికి చూడవచ్చేవాళ్లకు కొదవ ఉండదు. ఆయన భార్య తిప్పమ్మకు పక్షవాతం వచ్చి మూడు నెలలైంది. ఎడమ కాలూ చెయ్యీ స్వాధీనం తప్పాయి, మాట ముద్దగా వస్తుంది. వచ్చినవాళ్లు బత్తాయిలో, బన్నులో మంచం పక్కన పెట్టి "ఎట్లుండావమ్మా" అని ఆమెనే అడుగుతారు. జవాబు కోసం మాత్రం పుల్లన్న అక్క బయమ్మ వైపు చూస్తారు.

"రాణిమాదిరి చూసుకుంటాండాం," అంది ఆ ఆదివారం కూడా బయమ్మ. "ఒక్క దినమన్నా కాలు కింద పెట్టనిచ్చింటే అడుగు. అన్నం మంచం మీదికే, నీళ్లు మంచం మీదికే."

"పుణ్యాత్ములప్పా మీరు," అన్నారు వాళ్లు.

టీ గ్లాసులు అందిస్తున్న మౌనిక ఆ ఇంటికి కోడలై వచ్చి నలభై రోజులు. డిగ్రీ చదివిన పిల్ల. ఈ నలభై రోజులూ ఆమెకు అన్నీ సంబరాలే. మిద్దె ఎక్కితే దూరంగా గుట్టల మీద గాలిమరలు తిరగడం సంబరం. నడిస్తే మెట్టెలు బండలకు తగిలి టంగుమనడం సంబరం. డ్రిప్పు పైపుల అంగట్లో పనిచేసే మొగుడు హర్ష సాయంత్రం చొక్కా జేబులో మల్లెపూలు దాచి తేవడం, ఆ చొక్కా ఉతికేదాకా వాసన వేయడం అన్నిటికన్నా సంబరం. ఆ మురిపెంలో పడి ఆమె ఒక సంగతి చూడలేదు. అత్త నడుం మీద ఉండే ఆకుపచ్చ చీర చలికి కప్పిందనుకుంది. ఆ రోజు ఖాళీ గ్లాసు కోసం వంగితే కనిపించింది. ఆ చీర కొసలు మంచం పట్టెకు రెండు ముళ్లు వేసి ఉన్నాయి.

వచ్చినవాళ్లు వెళ్లేదాకా ఓపిక పట్టి అడిగింది. "అత్తను ఎందుకు కట్టినారు పెద్దమ్మా?"

"కట్టకపోతే పడతాది గదా. ఆసుపత్రి నుంచి తెచ్చిన వారానికే తనంతకు తాను దిగి పోబోయి గడప మీద పడింది. నుదుటికి మూడు కుట్లు. పసరు పోసే ఆయప్ప గూడా నలభై ఒక్క దినం కాలు నేలకు తగలగూడదన్న్యాడు."

"ఆ నలభై ఒకటి అయిపోయి ఎన్ని దినాలాయ?"

"నిన్న వచ్చిన పిల్లవు. ఆ దినం కారిన నెత్తురు నువ్వు చూసినావా?" అని బయమ్మ చెంబు తీసుకుని పెరట్లోకి వెళ్లిపోయింది.

తిప్పమ్మ గోడ వైపు చూస్తూ ఉంది. నెత్తిన గంప పెట్టుకుని, జానెడు వెడల్పు పొలం గెనాల మీద పాతికేళ్లు తడబడకుండా నడిచిన మనిషి.

మౌనిక మాత్రల కవరు దించి, మడతల్లో నలిగిన ఆసుపత్రి కాగితం విప్పింది. మాత్రల పేర్ల కింద ఒకే ఒక్క ఇంగ్లీషు వాక్యం. వారానికి రెండుసార్లు ఫిజియోథెరపీకి తీసుకురావాలి, కూర్చోవడం, నిలబడడం, బాలెన్సు సాధన చేయించాలి. ఆమె ఒళ్లు మండిపోయింది. ఎవరి కోసం రాశారు ఈ వాక్యం? ఇంగ్లీషు రాని పుల్లన్న కోసమా, మంచం మీద తిప్పమ్మ కోసమా? నోటితో ఒక్క మాట చెప్పడానికి అంత పెద్ద ఆసుపత్రిలో ఒక్కరికీ తీరిక లేకపోయిందా?

సాయంత్రం హర్ష ముందు ఆ కాగితం పెట్టింది.

"మాత్రల పేర్లే చూసినా," అన్నాడు అతను మెల్లగా. "కిందిది చూడలేదు."

"నువ్వు డిగ్రీ చదివినావు బావా."

ఆ రోజు మల్లెపూలు జేబులోనే వాడిపోయాయి.

మంగళవారం, తండ్రిని ఒప్పించి హర్షా, మౌనికా ఆటోలో తిప్పమ్మను అనంతపురం తీసుకుపోయారు. ఫిజియోథెరపిస్టు మహేశ్వరి ఆమెను బల్ల అంచున, వీపుకు ఆనుకునేది ఏమీ లేకుండా కూర్చోబెట్టింది. తిప్పమ్మ ఎడమ పక్కకు ఒరిగిపోయింది. పట్టుకుని నిలబెడుతుంటే మహేశ్వరికి నడుం మీద కమిలిన చార కనిపించింది.

"ఇదేంది?"

మౌనిక తలవంచుకుని చెప్పింది. మహేశ్వరి గొంతు పెంచలేదు.

"పడతాదని కట్టినారు, సరే. బరువు మోయని కాలు మోసేది మరిచిపోతాది. ఒరిగితే ఎట్లా నిలదొక్కుకోవల్లనో మెదడూ మరిచిపోతాది. అంటే ఇన్నాళ్లూ ఈయమ్మను పడేదానికే తయారు చేసినారు మీరు. మొదట్లోనే వచ్చింటే శానా మేలు. ఇప్పుడు ఆలస్యమైంది, అంతే. చేతులెత్తేసే పనిలేదు. ఇంట్లో ఏం పని చేస్తాండె?"

"శెనక్కాయలు ఒలుస్తాండె," అన్నాడు హర్ష.

"అయితే అదే చేయించండి. కాయల గంప కుడిపక్క, చాట ఎడమపక్క పెట్టండి. కుడిచేత్తోనే నొక్కి ఒలిచిన గింజ ఎడమపక్కకు వంగి వేయల్ల. అట్లా వంగితే బరువు ఆ పక్కకు పోతాది. తర్వాత లేసి నిలబడేది, కూర్చునేది. వెనక గోడ, ముందర బరువైన కుర్చీ ఉండల్ల. నడుముకు వెడల్పాటి గుడ్డ కట్టి, బలం లేని పక్క మీరు నిలబడండి. ఒరిగితేనే పట్టుకోండి. మీరే మోస్తే ఆమె నేర్చుకోదు. వారానికి రెండుసార్లు నా దగ్గరికి రావల్ల. మాత్రలు మానొద్దు."

మొదటి రోజు నాలుగు గింజలు వేసి తిప్పమ్మ దిండు మీదికి ఒరిగిపోయింది. పదో రోజుకు చాట నిండింది. మూడో వారం గోడకూ కుర్చీకీ మధ్య నిలబడి ఉండగా, ఎడమ మడమ బండ మీద పూర్తిగా ఆనింది. మౌనిక చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. తిప్పమ్మ మంచం మీద కూర్చున్నాక, వంకర పోయిన పెదవితోనే నవ్వి, ఒక శెనక్కాయ కోడలి మీదికి విసిరింది.

నాలుగో ఆదివారం, మూడు వారాలు బంధువుల ఇంట్లో ఉండి వచ్చిన బయమ్మ గుట్టగా పడిన పొట్టు చూసింది.

"ఏం పుల్లన్నా, పెండ్లాం చేత కాయలు ఒలిపిస్తాండావా? ఊర్లో ఏమనుకుంటాండారో తెలుసునా? కొత్త కోడలు మెట్టెలు అరక్కముందే అత్తను కూలికి పెట్టిందంటాండారు."

పుల్లన్న ముఖం మాడిపోయింది. దండెం మీది ఆకుపచ్చ చీర తీశాడు. తిప్పమ్మ నడుముకు చుట్టి, మంచం పట్టెకు ముడి వేశాడు.

"నీ చదువు నీ కాడ పెట్టుకో మౌనికా. మళ్లా పడితే ఊరికి జవాబు చెప్పాల్సింది నేను."

"ఊరికి జవాబు చెప్పేదానికి మనిషిని కట్టేస్తావా మామా?" అంది మౌనిక. "గొడ్డునైనా మేతకు విప్పుతారే. చూడవచ్చినోళ్ల పొగడ్తలకు మురిసేది మీరు. ముడి కింద ఉండేది అత్త. ఒక్క దినమన్నా ఆమెను అడిగినారా?"

అప్పుడు మంచం మీది నుంచి ముద్దగా ఒక మాట వచ్చింది.

"ఇప్పు."

మౌనిక మంచం పట్టె దగ్గరి ముడి మాత్రమే విప్పింది. నడుం చుట్టూ చీర అలాగే బిగించి, వెనక మడతను పట్టుకుని అత్త ఎడమ పక్కన నిలబడింది. తిప్పమ్మ కుడిచేత్తో పట్టె పట్టుకుని లేచింది. ఒక అడుగు. ఇంకొకటి. నాలుగో అడుగుకు ఒళ్లు ఊగింది. పుల్లన్న రెండు చేతులూ చాచి ముందుకు దూకాడు.

"పట్టుకోవద్దు మామా. పక్కన నిలబడు, చాలు."

తిప్పమ్మ ఎడమ పాదం మీద బరువు వేసి తనంతట తానే ఆగింది. ఇంకో మూడు అడుగులకు గడప వచ్చింది. తాను పడిన గడప. ద్వారబంధం పట్టుకుని మొగుడి వైపు తిరిగింది.

"పడింది ఒగ దినం," అంది ఒక్కో మాటా కూడదీసుకుని. "కట్టింది మూణ్ణెల్లు."

పుల్లన్న అక్కడే, గడప పక్కన కూలబడ్డాడు. బయమ్మ కొంగుతో మూతి కప్పుకుంది.

మరుసటి ఆదివారం చూడవచ్చినవాళ్లకు మంచం ఖాళీగా కనిపించింది. తిప్పమ్మ, మహేశ్వరి ఇప్పించిన నాలుగు కాళ్ల కర్ర పట్టుకుని పెరట్లోంచి వస్తోంది. పక్కనే, చీర మడత పట్టుకుని పుల్లన్న.

"మరుగుదొడ్డికి తానే పోయొచ్చింది," అన్నాడు ఆయన, ఎవరూ అడక్కుండానే. "నేను పక్కన నడిచినా, అంతే."

మన ఇళ్లలో ఇలాంటి ముళ్లు ఇంకా ఎన్నో ఉన్నాయి. వాటికి మనం ప్రేమ అని పేరు పెట్టుకున్నాం. అయ్యా, అమ్మా, మీ ఇంట్లో పక్షవాతం వచ్చిన మనిషి ఉంటే ఈ రోజే ఆ ఆసుపత్రి కాగితం చివరిదాకా చదివించుకోండి. పడతారని కట్టేయకండి. పక్కన నిలబడి నడవనివ్వండి.