ఎండిన విష్ణుక్రాంత

బియ్యం కడిగిన నీళ్లు కొంగుచాటున పట్టుకుని పెరట్లోకి పోవడం మధులతకు అలవాటైపోయింది. గోడవారన ఉన్న విష్ణుక్రాంత మొక్క పాదులో అవి పోసి, ఎవరైనా చూశారేమోనని వెనక్కి తిరిగి చూసుకునేది. పిల్లకు పెట్టకుండా తానొక్కతే దాచుకుని తిన్నట్టు సిగ్గు. మూడేళ్ల కిందట అహోబిలం నుంచి వస్తూ, దారిపక్క రాళ్లలో నీలంగా కనిపిస్తే వేరుతో సహా తీసి, పాప లంగోటీ గుడ్డ తడిపి అందులో చుట్టి తెచ్చుకుంది. వానలకు నేలంతా పాకి, పొద్దున్నే గోరంత పూలు పూస్తుంది. మధ్యాహ్నానికి ముడుచుకుంటుంది. ఎండాకాలం పైనంతా ఎండిపోయినా లోపల వేరు బతికే ఉంటుంది.

వినాయక చవితినాడు పూజ పత్రిలో ఆ ఆకు లేదని ఎర్రగుంట్ల బజారంతా వెతికే అత్త కృష్ణవేణమ్మే, ఇంటికి వచ్చినవాళ్లకు చెప్పి నవ్వేది. "రోజాలు పెట్టుకోక, మా కోడలు గడ్డికి నీళ్లు పోస్తాది. ఇంటర్ సగంలో మానిపిచ్చినారు గదా, అదీ తెలివి!" మధులత కూడా నవ్వేది. తన మీద మాటకు తానే ముందు నవ్వేస్తే అది తొందరగా అయిపోతుందని పెళ్లయిన కొత్తలోనే తెలుసుకుంది.

ఈ వేసవిలో పెరడంతా బండలు పరిపించాలని భర్త ప్రవీణ్ మేస్త్రిని పిలిచాడు. మేస్త్రి అయ్యన్న పలుగుతో చదును చేసుకుంటూ వచ్చి, ఎండుపుల్లల చుట్టూ కట్టిన పాదు చూసి ఆగాడు.

"ఇదేందో సాకుతాండారే! ఎవురిదప్పా?"

ప్రవీణ్ మధులత వైపు తిరిగాడు. "నీదేనా ఈ పిచ్చి?"

"నాది కాదు." మాట దానంతటదే వచ్చేసింది. "పాప ఆడుకుంటా పెట్టింది."

"ఇంగోతూరి మట్టిలో చెయ్యి పెట్టు, చెప్తా నీ పని," అని ప్రవీణ్ పక్కనే ఆడుకుంటున్న నాలుగేళ్ల పాప నెత్తిన మొట్టాడు. పాప ఏడవలేదు. అమ్మ ముఖంలోకి చూసి నవ్వింది. తొందరగా అయిపోవాలని నవ్వే నవ్వు. ఆ నవ్వు ఎవరిదో మధులతకు తెలుసు. గడ్డి పెంచుతున్నందుకు ఇన్నాళ్లూ పడిన సిగ్గు, ఈ సిగ్గు ముందు ఏపాటిది? తల ఎత్తలేకపోయింది.

అయ్యన్న మళ్లీ పలుగు ఎత్తాడు. మధులత వెళ్లి ఆ పాదు పక్కన మట్టిలో చతికిలబడింది.

"ఈడ బండ వెయ్యొద్దన్నా. ఇది పాపది కాదు, నాది. అబద్ధం చెప్పినా."

"ఎండిపోయినదానికి కాపలా చూడప్పా!" పెరటి గుమ్మంలోంచి అత్త పకపకా నవ్వింది.

అలవాటు కొద్దీ మధులత పెదవులు సాగబోయాయి. పాప ఆమె ముఖాన్నే చూస్తోంది.

మధులత నవ్వలేదు.