చలిగది తలుపు

ఎండాకాలంలో మంచు చూడాలనిపిస్తే మా నాన్న దగ్గరికి వెళ్లేదాన్ని. ఏటుకూరు రోడ్డులోని కోల్డ్ స్టోరేజీలో ఆయన మేస్త్రీ. బయట మిరప ఘాటుకు కళ్లు మండుతుంటే, ఆ లావుపాటి తలుపు తెరవగానే తెల్లటి పొగ నేల మీద పాక్కుంటూ వచ్చి నా చెప్పులు కప్పేసేది. ఆ పొగలోంచి కంబళి కప్పుకుని మా నాన్న బాజీ నడిచి వచ్చేవాడు. ఆయన చేతులు చల్లగా ఉండేవి. నాన్నలందరి చేతులూ అలాగే ఉంటాయని చాలాకాలం అనుకున్నాను.

అక్కడ పనంతా కేక మీద నడిచేది. గుమాస్తా తలుపు దగ్గర నిలబడి ఒక్కో రైతు సరుకుకిచ్చిన లాటు నంబరు అరుస్తాడు. లోపల చీకట్లో, బస్తాల గోడల మధ్య ఆ కేక తిరిగి తిరిగి నాన్న చెవిన పడుతుంది. ఆ లాటు బస్తాలు బయటికొస్తాయి. ఒకసారి అంకమ్మరావు అనే రైతు బస్తాలు ఇంకెవరి ట్రాక్టరులోనో వెళ్లిపోయాయి. విన్న నంబరే ఇచ్చానన్నాడు నాన్న. ఆ నంబరు నేను పిలవనే లేదన్నాడు గుమాస్తా. గుమాస్తా ఓనరుకు బంధువు, ఇంకేముంది, దొంగ మా నాన్నే అయ్యాడు. పని పోయి ఇంటికొచ్చి కంబళి మడిచి ట్రంకుపెట్టె మీద పెట్టాడు. దాన్ని మమ్మల్నెవరినీ ముట్టుకోనివ్వలేదు.

కొన్నేళ్లకు, బ్రాడీపేటలో పళ్ల డాక్టరు గారి మేడమీద ఉన్న చిన్న కంప్యూటర్ ఆఫీసులో చేరాను. వెతుక్కుంటూ వచ్చినట్టు ఆ కోల్డ్ స్టోరేజీ పనే నా బల్ల మీదికి వచ్చింది. రైతు నెట్ సెంటర్లో కూర్చుని తన లాటు నంబరు కొడితే చాలు, బస్తాలు విడుదలయ్యేలా వెబ్ పేజీ చెయ్యాలి. ఒళ్లు మండింది. అయినా కావాలనే తీసుకున్నాను. మనుషులు చేసే తప్పు నా పేజీలో జరగదని నా పొగరు.

పేజీ తయారైంది. ఒక మధ్యాహ్నం ఫ్యాను తిరిగీ తిరగనట్టు తిరుగుతుంటే, నిద్రమత్తులో నంబరు పెట్టెలో ఒక నంబరు కొట్టి, ఏమవుతుందో చూద్దామని దాని పక్కనే, లాట్ల లెక్కలుండే డేటాబేస్ భాషలో ఓ ముక్క తగిలించాను. ఈ నంబరు, లేదా ఏదైనా సరే, అని దానర్థం. తెర మీద గోదాములోని లాట్లన్నీ కిందికి జారుతూనే ఉన్నాయి. పెట్టెలో ఎవరేం రాసినా నా కోడు దాన్ని నా ఆజ్ఞకు అతికించి పంపుతోంది. కంప్యూటరుకు అంతా నేను చెప్పినట్టే వినిపిస్తోంది.

పాదాలకు చల్లగా తగిలింది. మేడమీది ఆ గదిలోకి తెల్లటి పొగ పాక్కుంటూ వచ్చింది. తలుపు, వరుసలో ట్రాక్టర్లు, గుమాస్తా కేక, దాని తోకను పట్టుకుని వరుసలోంచి ఇంకెవరో తన నంబరు అరిచిన కేక. లోపలున్నవాడికి రెండూ ఒకే గొంతు. నాన్న విన్నదీ నిజమే, గుమాస్తా పిలవలేదన్నదీ నిజమే. కీబోర్డు మీద తల పెట్టి ఏడ్చాను.

మర్నాడు కోల్డ్ స్టోరేజీకి వెళ్లి ఓనరు శివరామకృష్ణ గారికి ఆ పేజీలోని లోపం చూపించాను.

"ఇది వట్టి బుద్ధిలేని మిషనమ్మా. ఎవడు చెప్పినా వింటుందా?" అన్నాడు.

"వినేవాళ్ల తప్పు కాదండి. ఒక్కసారి మీరు చలిగదిలోకి వెళ్లి నిలబడతారా?"

వింతగా చూసినా వెళ్లాడు. గుమాస్తా ఒక నంబరు అరిచాడు. ఆ అరుపు ఆగేలోపు నేనింకో నంబరు అందుకుని అరిచాను. కాసేపటికి ఓనరు వణుకుతూ బయటికి వచ్చాడు.

"ఏరా, రెండు లాట్లు పిలిచావేంటి?"

గుమాస్తా నా వైపు వేలు చూపించాడు.

"నేను బాజీ కూతుర్నండి" అన్నాను. ఆ రోజు నాన్న చెవిన పడిందీ ఇలాంటి కేకేనని చెప్పాను.

ఆయన ఆ తలుపు మూయించి నా వైపు తిరిగాడు. "నీ పేజీని ఎలా బాగుచేస్తావు?"

"ఆజ్ఞ ముందే రాసి బిగించేస్తానండి. మధ్యలో ఒక్క ఖాళీ వదులుతాను. అందులో ఎవరేం రాసినా దాన్ని లాటు నంబరుగానే చూస్తుంది, ఆజ్ఞగా వినదు. అలాంటి లాటు లేకపోతే ఉత్త చేతులతో తిరిగొస్తుంది."

"మరి ఈ తలుపుకి?"

నేను చెప్పినట్టే తలుపుకి చెయ్యి పట్టేంత కిటికీ కోయించారు. గుమాస్తా ఇచ్చే, నంబరు అచ్చుకొట్టిన రేకుబిళ్ల అందులోంచి లోపలికి వెళ్లాలి. కేకలు లేవు.

ఓనరే మా ఇంటికొచ్చి క్షమించమన్న రోజు నాన్న ఆయన్ని ఒకే మాట అడిగాడు. "తలుపు మార్చారా అండి?"

మార్చామన్నాక లేచి, ట్రంకుపెట్టె మీది కంబళి తీసి దులిపాడు.

నాన్న మళ్లీ పనిలో చేరిన ఉదయం నేనూ వెళ్లాను. వరుసలోంచి ఎవడో అలవాటుగా గట్టిగా ఒక నంబరు అరిచాడు. కిటికీలో ఏ చెయ్యీ కదల్లేదు. గుమాస్తా నా వైపు చూడకుండా బిళ్ల నా చేతికిచ్చాడు. నేను దాన్ని లోపలికి అందించాను. పొగలోంచి ఒక చల్లటి చెయ్యి వచ్చి, బిళ్లతో పాటు నా వేళ్లను కూడా కాసేపు పట్టుకుంది.